చిన్న యిండ్లు - అద్దె రాబడి

పొలము నమ్మిన సొమ్ముతోనో, ఉద్యోగ విరమణానంతరము చేతికి వచ్చిన ధనముతోనో హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములందు ఒకటి రెండు చిన్న యిండ్లు కొని అద్దెల కిచ్చుట మనవారిలో నానాటికి ప్రబలుచున్నది. ఇది దోషము కాదు. కాని రాబడి పెంచుట యనగా అద్దె పెంచుటయే యని పెక్కురు యజమానులు తలంచుచున్నారు. ఈ తలంపు లెక్కకు నిలువదని మా యభిప్రాయము.

నెలకు 12,000 రూపాయల యద్దె వచ్చు యింటిని దృష్టాంతముగా గైకొందము. యజమాని 13,000 కోరగా కాపురమున్నవారు లేచిపోయి, యిల్లొక నెల ఖాళీపడెనేని, ఏడాది కాతనికి దక్కునది 1,43,000. పాత యద్దెకే పండ్రెండు నెలలును ఉండనిచ్చిన దక్కెడిది 1,44,000! సున్నము, రంగులు, మధ్యవర్తి రుసుము వేరు. తాళము వేసిన యిల్లు యజమానికి ప్రథమ శత్రువు.

అప్పుచేసి కొనువారి స్థితి మరింత విచార్యము. 60 లక్షల యింటికి నెలకు 15,000 వచ్చెనేని ఏటికి 1,80,000. అనగా నూటికి 3 రూపాయలు. నూటికి 8 వంతున వడ్డీ చెల్లించువాడు ఈ యద్దెతో ఋణవిముక్తుడగుట యెట్లు? ఇంటి వెల పెరుగునను నాశయే యాతని కాధారము. ఆశ వేరు, ఆదాయము వేరు.

ఇంటిపన్ను పోగా మిగిలిన యద్దెలో నూటికి 30 వంతులను, యజమాని వాస్తవముగ వ్యయపరచినను పరచకున్నను, ఆదాయపు పన్ను చట్టము మినహాయించుచున్నది. ఈ మినహాయింపు ననుభవించుచు, కారుచున్న కప్పును, ఎండిన కొళాయిని చూడనివాడు న్యాయమును, స్వప్రయోజనమును గూడ విడనాడినవాడే. నీటి వసతి కుదిర్చి, తీగెలు, గొట్టములు చక్కజేసిన యింటిని ఎవరును తొందరపడి విడువరు.

2021వ సంవత్సరమున కేంద్రప్రభుత్వ మామోదించిన మాదిరి అద్దె చట్టము నివాసగృహములకు ముందుసొమ్ము రెండు నెలల యద్దెకు మించరాదనియు, ఒడంబడిక వ్రాతమూలకముగ నుండవలెననియు, నీరు విద్యుత్తు నిలిపివేయరాదనియు విధించుచున్నది. రాష్ట్రములు శాసనము చేసినగాని యది యచ్చట నమలు గాదు. ఐనను వివేకులగు యజమానులు శాసనమునకై వేచియుండ నేల? అద్దె యెప్పుడు, ఎంత పెరుగునో ముందే పత్రమున వ్రాసికొన్నచో ఏటేట కలహము తప్పును.

కులము నడిగి, తిండి నడిగి, ఒంటరి యువతి యని సందేహించి, సకాలమున అద్దె చెల్లింపగలవారిని వాకిటినుండియే మరలించు యజమానులు నేటికిని కలరు. ఇది పౌరధర్మమునకు కళంకము. ఖాళీగదులకు కారణము గూడ. మంచి కాపురస్థుని నిలుపుకొనుటయే అద్దె పెంచుటకన్న మిన్నయగు రాబడి. మన గృహయజమానులు ఈ లెక్కను తమ పద్దు పుస్తకములందు సరిచూచుకొందురు గాక!