రంది కూడా జబ్బే

జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాం. మనసుకు జబ్బు చేస్తే చెయ్యి ఎక్కడ పెట్టాలి? దీన్ని తెలంగాణ పల్లెల్లో రంది అంటారు, మనాది అంటారు. కోస్తాలో దిగులంటారు. డాక్టర్లు డిప్రెషన్ అంటున్నారు. పేరేదైనా, కూలి జనంలో దాన్ని కనిపెట్టే పని సంఘాలు చేపట్టాలని మేమంటాం.

బాచుపల్లినే తీసుకోండి. ఒకప్పుడు పొలాలున్న పల్లె, నేడంతా అపార్టుమెంట్లు. ఊళ్లో పని దొరకనివాళ్లు వచ్చి అక్కడ ఇటుకలు మోస్తున్నారు. 2024 మే 7న కురిసిన పెద్దవానకు అక్కడ కడుతున్న అపార్టుమెంటు గోడ కూలి కూలీల షెడ్ల మీద పడింది. ఏడుగురు చనిపోయారు, వారిలో నాలుగేళ్ల పసివాడున్నాడు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. చచ్చినవారి లెక్క రాశారు సరే, ఇలాంటి చోట బతికి మిగిలినవాడికి రాత్రి నిద్ర పడుతోందా అని అడగడం ఎవరి పని?

రైతు ఆత్మహత్యలంటాం గానీ, 2022లో సేద్యం మీద బతికేవారిలో ప్రాణాలు తీసుకున్న 11,290 మందిలో 6,083 మంది కూలీలేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. భూమి లేనివాడి రంది పేపరుకెక్కదు.

ఏడుస్తూ కూర్చున్నవాడికే దిగులుందనుకోవద్దు. నలుగురిలో నవ్వించేవాడు మూలకు చేరతాడు. తిండి సయించదు, తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది. కొందరు అయినదానికీ కానిదానికీ కసురుకుంటారు, కొందరు తాగుడు పెంచుతారు. ఆడవాళ్లయితే ఒళ్లునొప్పులని సూది మందు వేయించుకుని తిరుగుతుంటారు. అడ్డా మీదికి రాకపోతే మేస్త్రీ బద్ధకమంటాడు. రెండు వారాలకు పైగా రోజూ ఇదే వరస అయితే బద్ధకం కాదు, జబ్బని అనుమానించాలి. “నేనుంటే ఎంత, పోతే ఎంత” అన్న మాట వినబడితే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

కూలి రేటు పెరిగితే, అప్పు తీరితే రంది అదే పోతుందని వాదించే కార్యకర్తలున్నారు. అప్పు రందిని పెంచుతుంది, నిజమే. వాటికోసం కొట్లాడాల్సిందే. కానీ కాలు విరిగినవాడికి కూలి పెంచితే కాలు అతుక్కుంటుందా? బిళ్లలిచ్చి పంపితే చాలనే సర్కారు మాటా అంతే, అప్పులవాడు గుమ్మంలోనే ఉంటాడు మరి.

పక్కన కూర్చోండి. “చచ్చిపోవాలనిపిస్తోందా అన్నా?” అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, గుండె బరువు దిగుతుంది. ధైర్యం తెచ్చుకో అని ఉపన్యాసాలివ్వకండి. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే తీసి వేరేచోట పెట్టించండి. 14416కు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ ఆస్పత్రి పేరు చెబితే పిచ్చివాడంటారని జంకుతారు, అందుకే ఒంటరిగా పంపకండి, తోడు వెళ్లండి. పోలీసు కేసవుతుందని దాచిపెట్టే కుటుంబాలకు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సంగతి చెప్పండి. ఆత్మహత్యకు ప్రయత్నించినవాడు తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి గానీ శిక్షించరాదని అందులో ఉంది. ఆస్పత్రికి పోయిన రోజు కూలి పోతుంది కదా, ఆ రోజు ఇంటికి బియ్యం సంగతి సంఘమే చూడాలి.