నోరు చూసేదెవరు?

పన్ను సలపడం మొదలైతే మన ఇళ్ళలో జరిగే వైద్యం అందరికీ తెలిసినదే. మొదట లవంగం, మర్నాడు మెడికల్ షాపు నుండి నొప్పి బిళ్ళ, దవడ వాచి నిద్ర పట్టనప్పుడు దంతవైద్యుడు. అప్పటికి కొన్ని వందలతో పూడ్చదగిన పిప్పి వేలు ఖర్చయ్యే రూట్ కెనాల్‌గా మారి ఉంటుంది. అంత సొమ్ము లేనివారు పన్ను పీకించుకొని ఇంటికి వస్తారు. నొప్పి లేనప్పుడే ఏడాదికోసారి పళ్ళు చూపించుకొనే కుటుంబాలు మన బస్తీలలో వేళ్ళ మీద లెక్కించదగినన్ని.

దీనిని నిర్లక్ష్యమనడం తేలిక. ఆటో నడిపే తండ్రి ఒక పూట ఆసుపత్రిలో కూర్చుంటే ఆ పూట సంపాదన పోతుంది, ఫీజు వేరు. బాధించని పంటికి డబ్బు పెట్టడం అతనికి దుబారాగా తోస్తే తప్పు పట్టలేము.

మరి కార్డు ఉంది కదా అంటారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏటా 5 లక్షలు ఇస్తుంది. ఇవన్నీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగికి ఉద్దేశించినవి. పళ్ళు పరీక్షించుకోవడం, గార తీయించుకోవడం, పిప్పి పూడ్పించుకోవడం ఓపీ చీటీతో ముగిసే పనులు కనుక వాటికి కార్డు చెల్లదు. ప్రైవేటు పాలసీలు సైతం ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప దంతచికిత్సను సాధారణంగా మినహాయిస్తాయి. ఈఎస్ఐలో ఈ వైద్యం ఉన్నమాట నిజమే. అయితే అది జీతపు ఉద్యోగికి దక్కే హక్కు. ముస్లింలలో అధికులు సొంత చిరుపనుల మీదనే బతుకుతున్నారని 2006లోనే సచార్ కమిటీ తేల్చింది.

ఇందులోని వైపరీత్యం గుట్కా, జర్దా నమిలేవారి విషయంలో మరీ స్పష్టం. నోటిలో తెల్లమచ్చ కనిపించిన రోజున చూసే నాథుడు లేడు. అదే మచ్చ క్యాన్సరై దవడ కోయవలసి వచ్చిన రోజున ప్రభుత్వం లక్షలు చెల్లిస్తుంది. మధుమేహ రోగుల చిగుళ్ళ సంగతీ ఇంతే: చిగుళ్ళు చెడితే చక్కెర అదుపు తప్పుతుంది, చక్కెర పెరిగితే చిగుళ్ళు ఇంకా చెడతాయి.

నిజానికి 30 ఏళ్ళు దాటిన ప్రతివారి నోటిని అయిదేళ్ళకొకసారి క్యాన్సర్ కోసం పరీక్షించాలని జాతీయ ఆరోగ్య కార్యక్రమమే నిర్దేశిస్తున్నది. ప్రాథమిక స్థాయిలో అందవలసిన 12 రకాల సేవలలో దంత, నోటి ఆరోగ్యం ఒకటి. పిల్లల పళ్ళను బడిలోనే చూడవలసిన బాధ్యత 2013 నుండి బాల స్వాస్థ్య బృందాలది. పాఠకులు తమ ఇంటివారిని ఒక్కమాట అడిగి చూడాలి: మీ నోరు తెరవమని ప్రభుత్వ సిబ్బంది ఎవరైనా ఎప్పుడైనా అడిగారా?

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంతకళాశాలలున్నాయి. ప్రైవేటు కళాశాలలలోనూ విద్యార్థులకు రోగులు కావాలి కనుక బయటి క్లినిక్కులకంటే ఖర్చు తక్కువ. వీటిని వాడుకోవాలి. మసీదు కమిటీలు శిబిరాలు పెట్టిస్తున్నాయి, సంతోషమే. కానీ ఒక పేస్టు ట్యూబు, ఒక ఫోటోతో ముగిసే శిబిరం వల్ల ఒరిగేది స్వల్పం. పిప్పి ఉందని రాసిచ్చిన చీటీ పట్టుకొని ఆ మనిషి ఎక్కడికి వెళ్ళాలో, ఆ ఖర్చు ఎవరు భరిస్తారో కమిటీ ముందే తేల్చుకోవాలి. పేదల వైద్యానికి జకాత్, సదఖా సొమ్ము ఇచ్చేవారు ఆపరేషన్లకే కాక పిప్పి పూడ్చడానికీ కొంత కేటాయించవచ్చు.

మరొక మాట. పురుష వైద్యుని ముందు నిఖాబ్ తీసి నోరు తెరవడానికి సంకోచించి నొప్పిని ఓర్చుకొనే తల్లులు మనలో ఉన్నారు. మరోవంక బీడీఎస్ చదివి, పెళ్ళి తరువాత ఇంటనే ఉండిపోయిన ఆడపిల్లలూ మనలో ఉన్నారు. వారానికి రెండు పూటలు వారు పనిచేయడానికి ఒక గది, ఒక కుర్చీ ఏర్పరచడం ఏ జమాతుకూ అసాధ్యం కాదు. ఆ అత్తమామలతో మాట్లాడవలసింది కూడా పెద్దలే.

కార్యకర్తలకు మా అభ్యర్థన ఇది. మీ సామాజిక ఆరోగ్య కేంద్రంలో దంతవైద్యుని పోస్టు ఉందా, భర్తీ అయిందా, కుర్చీ పనిచేస్తున్నదా, గత ఏడాది ఎందరి నోటిని పరీక్షించారు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజులలో జవాబివ్వాలి. వచ్చిన జవాబులను, రాకుంటే మీ దరఖాస్తు నకలును మాకు పంపండి. జిల్లాల వారీగా ఈ పుటలలో ప్రచురిస్తాము.