వాళ్ల లోటుకు మన తాకట్టు

బ్రిటన్ విశ్వవిద్యాలయాల ఖజానా ఖాళీ అవుతోందన్న సంగతి ఆ దేశాన్ని నడిపేవాళ్లందరికీ తెలుసు. మంత్రులకు తెలుసు, నియంత్రణ సంస్థకు తెలుసు, వైస్ చాన్సలర్లకు తెలుసు, వాళ్లను నియమించే పాలకమండళ్లకూ తెలుసు. 2024-25లో ఇంగ్లండ్‌లోని ఉన్నత విద్యాసంస్థల్లో నూటికి 43 లోటులో పడతాయని నియంత్రణ సంస్థ ‘ఆఫీస్ ఫర్ స్టూడెంట్స్’ 2025 మే నెలలో లెక్కకట్టి మరీ చెప్పింది. అన్నీ తెలిసినవాళ్లు ఇన్నేళ్లు నిమ్మకు నీరెత్తినట్టు ఎలా కూర్చోగలిగారు? ఆ లోటు వాళ్ల జేబుల్లోంచి పూడ్చాల్సిన అవసరం రాలేదు కాబట్టి. పూడుస్తున్నది వేరేవాళ్లు. కరీంనగర్‌లోనో గుంటూరులోనో పొలం తాకట్టు పెట్టి పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు కూడా వాళ్లలో ఉన్నారు. అందుకే ఈ గొడవ మనకెందుకని ఊరుకోవడానికి వీల్లేదు.

ఇది రాత్రికి రాత్రి వచ్చిన కష్టం కాదు. 1998లో ఏడాదికి వెయ్యి పౌండ్లతో మొదలైన ట్యూషన్ ఫీజు 2006లో మూడు వేలకు, 2012లో ఇంగ్లండ్‌లో తొమ్మిది వేలకు చేరింది. తొమ్మిది వేలకు పెంచినప్పుడే బోధనకిచ్చే ప్రభుత్వ గ్రాంటులో ఎక్కువ భాగం కోసేశారు. ఆ తర్వాత ఓట్ల భయంతో ఫీజును పెద్దగా కదపలేదు. 2017లో 9,250 పౌండ్లు చేసి ఎనిమిదేళ్లు అక్కడే ఆపారు. 2025లో పెంచింది 285 పౌండ్లు. 2012 నుంచి ఇప్పటికి ధరలు దాదాపు సగం మేర పెరిగాయి. పరిశోధనకు అయ్యే ప్రతి వంద పౌండ్ల ఖర్చులో విశ్వవిద్యాలయం చేతికి తిరిగొచ్చేది సుమారు డెబ్బై. 2025లో ఫీజు పెంచిన ప్రభుత్వమే అదే ఏడాది ఉద్యోగుల తరఫున యజమానులు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్‌నూ పెంచి, ఇచ్చినదాంట్లో చాలా భాగం వెనక్కి లాక్కుంది. అటు గ్రాంటు లేదు, ఇటు ఫీజు చాలదు. అడిగితే ‘విశ్వవిద్యాలయాలు స్వతంత్ర సంస్థలు, వాటి లెక్కలు అవే చూసుకోవాలి’ అన్న జవాబొకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

అలా వదిలేసిన సంస్థలకు కనిపించిన దారి ఒక్కటే: విదేశీ విద్యార్థి. అతని ఫీజుకు పరిమితి లేదు. 2030 నాటికి ఆరు లక్షల మందిని రప్పించాలని 2019లో ప్రభుత్వమే లక్ష్యం పెట్టింది. అది ఒకటి రెండేళ్లలోనే నెరవేరింది. చదువయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేసుకోవచ్చన్న గ్రాడ్యుయేట్ వీసా 2021లో వచ్చింది. మన పిల్లలు పీఎస్‌డబ్ల్యూ అనేది దాన్నే. ఆ వీసాను నమ్మి మనవాళ్లు బారులు తీరారు. 2022-23 నాటికి అక్కడి భారతీయ విద్యార్థులు లక్షన్నర దాటారు.

రమ్మని పిలిచినవాళ్లే ఆ తర్వాత తలుపులు మూయడం మొదలుపెట్టారు. 2024 జనవరి నుంచి మాస్టర్స్ కోర్సులకు వచ్చేవాళ్లు భార్యనో భర్తనో పిల్లల్నో వెంట తెచ్చుకోకూడదన్నారు. గ్రాడ్యుయేట్ వీసా దుర్వినియోగమవుతోందా అని ప్రభుత్వం తన వలస సలహా సంఘాన్ని అడిగింది. పెద్ద ఎత్తున దుర్వినియోగానికి ఆధారాల్లేవని, దాన్ని ఉంచాలని ఆ సంఘం 2024 మేలో చెప్పింది. స్వదేశీ విద్యార్థుల మీద, పరిశోధన మీద వచ్చే నష్టాన్ని విదేశీ ఫీజులే భర్తీ చేస్తున్నాయనీ గుర్తుచేసింది. ఏడాది తిరక్కుండానే, కొత్తగా వచ్చిన ప్రభుత్వం ఆ రెండేళ్లను పద్దెనిమిది నెలలకు కుదించింది. 2027 జనవరి నుంచి అది అమలు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, 2028 ఆగస్టు నుంచి ఇంగ్లండ్ విశ్వవిద్యాలయాలు ఒక్కో విదేశీ విద్యార్థికి 925 పౌండ్ల చొప్పున సుంకం కట్టాలన్నారు. మొదటి 220 మందికి మినహాయింపు. ఆ డబ్బుతో తమ దేశంలోని పేద విద్యార్థులకు జీవన గ్రాంట్లు ఇస్తారట. పేద విద్యార్థిని ఆదుకోవాల్సిందే. ఆదుకోవాల్సింది మాత్రం ఆ దేశపు పన్నుల డబ్బు. అప్పు చేసి వచ్చిన ఇంకో పేద ఇంటి పిల్లాడి ఫీజులోంచి తీసి ఇస్తే అది దానమెలా అవుతుంది?

ఆ పిల్లాడు విమానం ఎక్కడానికి ముందే ఏమేం కడతాడో ఒకసారి చూడండి. ఆఫర్ లెటర్ వచ్చాక వేల పౌండ్ల డిపాజిట్ పంపాలి. అది చేరితేనే వీసాకు కావాల్సిన ప్రవేశ ధ్రువీకరణ పత్రం, క్యాస్, వస్తుంది. ఆపైన వీసా ఫీజు (2025 లెక్కన) 524 పౌండ్లు, ఏడాది మాస్టర్స్‌కు ఆరోగ్య సర్‌చార్జి 1,164 పౌండ్లు. వీటితోపాటు బ్యాంకు ఖాతాలో డబ్బు చూపించాలి. లండన్ బయట చదివేవాళ్లు తొమ్మిది నెలల ఖర్చు కింద 10,539 పౌండ్లు, అంటే పన్నెండు లక్షల రూపాయలకు పైగా, వరుసగా 28 రోజులు కదపకుండా ఉంచాలి. అంత సొమ్ము లేని ఇంట్లో వడ్డీకి తెచ్చి ఆ 28 రోజులు నిలబెడతారు. ఏడాది కోర్సుకు ఫీజే పదిహేను, ఇరవై లక్షలు. ఆ పిల్లాడి మీద ఇంత రాబట్టి, పత్రికల్లో, పార్లమెంటులో అతన్ని వలసల పద్దులో ఒక అంకెగా లెక్కేసి, తగ్గించాం చూడండని గొప్పలు చెప్పుకుంటారు.

డబ్బు ఆగితే ఆ సంస్థలు ఎలా ప్రవర్తిస్తాయో 2024లో టీసైడ్ విశ్వవిద్యాలయం చూపించింది. నైజీరియా కరెన్సీ నైరా విలువ సగానికి పైగా పడిపోయి ఫీజు వాయిదాలు కట్టలేకపోయిన విద్యార్థులను చదువు నుంచి తప్పించింది. వాళ్లకు దేశం విడిచి వెళ్లాలన్న ఉత్తర్వులు అందాయి. రేపు రూపాయి అలా పడితే మన పిల్లల గతి?

స్కాట్లండ్‌లోని డండీ సంగతి ఇంకా దారుణం. ఒకప్పుడు మన బెంగాల్ జనుముతో మిల్లులు నడుపుకొని బతికిన ఊరది. మిల్లులు మూతపడ్డాక ఆ ఊరికి ఉన్న పెద్ద ఉపాధుల్లో విశ్వవిద్యాలయం ఒకటి. అలాంటి చోట మూడున్నర కోట్ల పౌండ్ల లోటు బయటపడింది. 2024 డిసెంబరులో ప్రిన్సిపల్ రాజీనామా చేసి వెళ్లిపోయారు. 2025 మార్చిలో 632 ఉద్యోగాలు తీసేస్తామన్నారు. విదేశీ విద్యార్థుల సంఖ్య పడిపోతున్నా ఖర్చు పెడుతూనే పోయారు. ఆర్థిక విషయాల్లో అధికారుల నిర్ణయాలు లోపభూయిష్ఠమని, పాలకమండలి పర్యవేక్షణ విఫలమైందని, ప్రశ్నించేవాళ్లకు చోటు లేకుండా చేశారని ఆ ఏడాది జూన్‌లో పమేలా గిల్లీస్ విచారణ నివేదిక తేల్చింది. తాత్కాలిక ప్రిన్సిపల్ కూడా వెంటనే తప్పుకున్నారు. చివరికి స్కాట్లండ్ ప్రభుత్వం కోట్ల పౌండ్ల ప్రజాధనం పోసి సంస్థను నిలబెట్టాల్సి వచ్చింది. నిర్ణయం తీసుకున్నవాళ్లకు పడ్డ శిక్ష రాజీనామా. ఆ నిర్ణయాల్లో ఏ పాత్రా లేని ల్యాబ్ టెక్నీషియన్‌కు, లైబ్రరీ ఉద్యోగికి, కాంట్రాక్టు అధ్యాపకుడికి పడ్డ శిక్ష బతుకుతెరువు గురించిన భయం. ఇదేం న్యాయం?

కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో 2025 జనవరిలో 400 ఉద్యోగాల కోత ప్రకటించి, మూసేసే విభాగాల జాబితాలో సంగీతాన్ని, ఆధునిక భాషలను, చివరికి నర్సింగ్‌ను కూడా చేర్చారు. నర్సులు చాలక ఆసుపత్రులు సతమతమవుతున్న దేశంలో నర్సింగ్ విభాగాన్ని మూస్తామనడానికి నోరెలా వచ్చింది? జనం తిరగబడ్డాకే నర్సింగ్ మీద వెనక్కి తగ్గారు.

ఇంగ్లండ్ విశ్వవిద్యాలయాలను కనిపెట్టి ఉండాల్సిన ఆఫీస్ ఫర్ స్టూడెంట్స్ 2018 నుంచి ఉంది. ఆర్థిక ముప్పును అది తగినంతగా పట్టించుకోవడం లేదని హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ 2023లోనే గట్టిగా మందలించింది. ఒక పెద్ద విశ్వవిద్యాలయం దివాలా తీస్తే చదువు మధ్యలో ఉన్న విద్యార్థుల్ని ఎవరు కాపాడాలో చెప్పే ప్రత్యేక దివాలా చట్టం విశ్వవిద్యాలయాలకు లేదు. కాలేజీలకు అలాంటి ఏర్పాటు ఉంది, వీటికి లేదు. ప్రమాదం కళ్లెదుట ఉన్నా చట్టం చేయకపోవడాన్ని నిర్లక్ష్యం అనక ఇంకేమనాలి?

తిలా పాపం తలా పిడికెడు. మన దగ్గరా పాపం ఉంది. అమీర్‌పేటలో, విజయవాడ బెంజ్ సర్కిల్‌లో ‘ఐఈఎల్‌టీఎస్ అక్కర్లేదు, స్పాట్ ఆఫర్’ అని బోర్డులు పెట్టే కన్సల్టెన్సీలు ఆ ఫీజుల్లోంచే కమిషన్ తీసుకుంటాయి. ఆ విశ్వవిద్యాలయం లోటులో ఉందని గాని, మనవాడు చేరబోయే విభాగం కోత జాబితాలో ఉందని గాని తల్లిదండ్రులకు చెప్పాల్సిన బాధ్యత వాటికి లేదట. అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద తెలంగాణ ప్రభుత్వం ఒక్కో విద్యార్థికి 20 లక్షల వరకు ఇస్తుంది. అది దళిత, గిరిజన బిడ్డలకు దక్కాల్సిన ప్రజల సొమ్ము. అది ఎంత గట్టి సంస్థకు పోతోందో చూసే బాధ్యత ఆ ఇచ్చేవాళ్లకు లేదా?

బ్రిటన్ ప్రభుత్వాన్ని అడగాల్సింది స్పష్టంగా అడుగుదాం. మీ పిల్లల చదువుకు, మీ దేశపు పరిశోధనకు అయ్యే ఖర్చు మీ బడ్జెట్‌లోంచి పెట్టండి. సంస్థ మూతపడితే ప్రతి విద్యార్థి ఫీజూ చదువూ భద్రంగా ఉంటాయని చట్టంలో రాయండి. లోటును పట్టించుకోని పాలకమండళ్లను రాజీనామాతో వదిలేయకుండా జవాబుదారీ చేయండి. ఏజెంట్లకు ఎంత కమిషన్ ఇస్తున్నారో ప్రతి విశ్వవిద్యాలయం బయటపెట్టాలి. హైదరాబాద్, అమరావతి ప్రభుత్వాలు కన్సల్టెన్సీల మీద లైసెన్సు, తనిఖీ పెట్టాలి. విద్యానిధి డబ్బు విడుదల చేసే ముందు ఆ సంస్థ జమాఖర్చులు చూడాలి. ఇవేవీ చేయలేని పనులు కావు. చేయాల్సినవాళ్లకు నొప్పి తెలియక ఆగిపోయిన పనులు. ఒక్క తెలుగు విద్యార్థి సగం చదువుతో, పూర్తి అప్పుతో తిరిగొచ్చినా, ఆ అప్పు వాడిది కాదు, వీళ్లందరిదీ. అప్పుడు ‘మాకు తెలియదు’ అని ఎవరన్నా నమ్మొద్దు. అందరికీ తెలుసు.