చిన్న ల్యాప్‌టాపు – న్యాయమైన వెల

చేతిసంచిలో ఇముడు చిన్న ల్యాప్‌టాపు చౌకగా దొరకుచున్నదని తలిదండ్రులు సంతసించుచున్నారు. వెల తక్కువయైనంత మాత్రమున అది న్యాయమైన వెల కాజాలదు. 2021లో వెలువడిన విండోస్ 11 నడచుటకు కనీసము 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వస్థలము కావలెను. చౌక యంత్రములు పెక్కింటిలో ఉన్నది సరిగా అంతియే. పైగా అవి బోర్డునకే అతికింపబడి యుండుటచే పెంచుటకు వీలులేదు. ఎనిమిదవ తరగతిలో కొన్నది పదవ తరగతికే మొరాయించినచో, పేద తండ్రి మరల కొనవలెను. 18 శాతము జీఎస్టీయు మరల చెల్లింపవలెను. ఎదుగు పిల్లవాని దుస్తులు కుట్టించునపుడు అంచున కొంత గుడ్డ మడచి యుంచుదురు గదా! అట్టి వెసులుబాటు గల యంత్రమునకు కొంచెము హెచ్చు వెల యిచ్చినను అదియే న్యాయమైన బేరము. ర్యామ్ పెంచవచ్చునో లేదో పెట్టెపైననే అచ్చువేయునట్లు ప్రభుత్వము నిర్బంధింపవలెను. అంతవరకు కొనువారు ఆ ప్రశ్న అడిగిన పిదపనే పైకము చెల్లింతురు గాక!