ఫీజు ఎంతక్కా?

కిందటేడు జూన్‌లో బడులు తెరిచిన వారానికి మా వీధి చివర ఉండే అమ్మాయి కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. వాడు ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం. లెక్కలూ సైన్సూ బాగానే చదువుతాడట, తెలుగు వాచకం తెరిస్తే మాత్రం ఏడుపే. "మీరు బి.ఏ. తెలుగు కదక్కా, సాయంత్రాలు వీడికి కాస్త చెప్తారా? ఫీజు ఎంతక్కా?" అని అడిగింది.

"అయ్యో, ఫీజేంటమ్మా, నువ్వేమన్నా పరాయిదానివా?" అన్నాను.

అన్నానే గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాళ్ళాయనకు పేటలో మోటార్లు బాగుచేసే షాపు ఉంది. మొన్న వేసవిలో మా చేను మోటారు కాలిపోతే వైండింగు చేసి, డబ్బులు లెక్కపెట్టి తీసుకున్నాడు. తప్పేముంది, అది అతని పని. పరాయివాళ్ళమనీ అనుకోలేదు, మనవాళ్ళమనీ వదిలెయ్యలేదు. మరి నా పనికి వచ్చేసరికి నా నోట "అయ్యో" ఎందుకొచ్చింది?

నాకిప్పుడు 45 ఏళ్ళు. మా చిన్నవాడు హాస్టలుకు వెళ్ళాక, ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు కావాలంటే వెళ్ళాను. బి.ఎడ్. ఉందా అన్నారు, లేదన్నాను. "డిగ్రీ అయ్యి ఇరవై ఏళ్ళు దాటింది, ఇన్నేళ్ళూ ఏం చేశారు?" అన్నారు. "ఏం చెయ్యలేదండీ, ఇంట్లోనే ఉన్నాను" అన్నాను. బస్సు గరికపాడు వచ్చేదాకా ఆ మాటే చెవుల్లో తిరిగింది. వాళ్ళు వద్దన్నందుకు కాదు నా బాధ, ఆ జవాబు నా నోటితో నేనే చెప్పినందుకు.

ఏం చెయ్యలేదా? మామగారికి పక్షవాతం వస్తే మూడేళ్ళు మంచంలో చూసుకున్నాను. ఇద్దరు పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని చదివించాను. మిరపకాయ కోతలప్పుడు కూలీల లెక్కలు రాసింది నేనే. ఆ నోటుబుక్కులు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. అందులో అందరి కూలీ ఉంది, నాది తప్ప.

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది. మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. నేను కాగితం మీద హెచ్చవేసి చూశాను. ఆ లెక్కన ఇరవై ఏళ్ళకు 35 వేల గంటలు. పిల్లల్నీ ముసలివాళ్ళనీ చూసుకోవడం ఇందులో కలపలేదు, అది వేరే లెక్క.

ఇలాంటి లెక్క సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఢిల్లీలో 2014లో రోడ్డు ప్రమాదంలో భార్యాభర్తలు చనిపోతే, వాళ్ళ పిల్లలకు రావలసిన పరిహారం గురించిన కేసు అది. 2021 జనవరి 5న తీర్పు వచ్చింది. అందులో గృహిణి పనికి ఆదాయం ఎందుకు లెక్కకట్టాలో వివరంగా రాసినవారు జస్టిస్ ఎన్.వి. రమణ. మన నందిగామ వైపు పొన్నవరం ఆయన ఊరు. అంతకుముందు 2019 సర్వేలోని అంకెలు చూపించి మరీ, ఇంట్లో ఆడవాళ్ళ శ్రమ విలువలేనిది కాదని చెప్పారు. చదివి చాలా సంతోషించాను. తరువాత ఒక్క విషయం మాత్రం గుచ్చుకుంది. ఆ ధర కట్టింది ఆవిడ చనిపోయాక. బతికుండగా మన పనికి ధర చెప్పాల్సింది ఎవరు? మనమే కదా.

నడివయసులో కొత్త పని మొదలుపెట్టే ఆడవాళ్ళకు ఆత్మవిశ్వాసం ఉండాలంటారు. అదెక్కడ దొరుకుతుందో ఎవరూ చెప్పరు. నాకు తెలిసి మనకు పని చేసే ధైర్యానికి కొదవ లేదు. లేనిదల్లా "ఇంత" అని చెప్పే ధైర్యం.

మర్నాడు ఆ అమ్మాయి ఇంటికి నేనే వెళ్ళాను. "నెలకు 400. వారానికి ఐదు రోజులు, సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర. ఐదో తారీకులోపు ఇవ్వాలి" అన్నాను. గొంతు వణికింది. తను "సరే అక్కా" అంది. అంతే! నేను రాత్రంతా భయపడింది ఆ రెండు మాటల కోసం.

ఇప్పుడు ఎనిమిది మంది వస్తున్నారు. ఫీజు తగ్గించమని ఒకామె అడిగితే తగ్గించలేదు, ఆవిడ పిల్లని మానిపించింది. రెండు రోజులు మనసు బాగోలేదు, మూడో రోజుకు సర్దుకుంది. మావారు సాయంత్రం టీ, రాత్రికి అన్నం తన వంతు చేసుకున్నారు. మొదటి వారం ఆ టీ తాగడం కష్టమే అయింది, అయినా నేను లేచి వెళ్ళి చెయ్యలేదు. ఇరుగుపొరుగు పిల్లల దగ్గర డబ్బులు తీసుకోవడమేమిటని మా అత్తగారు ఇప్పటికీ ఒప్పుకోలేదు. కానీ ఐదయ్యేసరికి చిక్కుళ్ళు ముందేసుకుని తనే ఒలుస్తూ కూర్చుంటారు.

ధైర్యముంటే వయసు అడ్డం కాదనే మాటను మాత్రం నేను నమ్మను. 2025 డీఎస్సీకి మాలాంటి జనరల్ వాళ్ళకు వయోపరిమితి 44 ఏళ్ళు. ఆ తలుపు నాకు మూసుకుంది, అది నిజం. అయితే బి.ఎడ్. కోసం రాసే ఎడ్‌సెట్‌కు పై వయసు పరిమితి లేదు. ఆ తలుపు తెరిచే ఉంది. వచ్చే ఏడు రాద్దామని పుస్తకాలు తెప్పించుకున్నాను. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యేనాటికి సరిగ్గా 44 ఏళ్ళు. మధ్యలో చదువాగిపోయిన పెద్దవయసు ఆడవాళ్ళు మళ్ళీ చదువుకుని ఉద్యోగాలు తెచ్చుకోవడానికి 1958లో ఆ బోర్డు ప్రత్యేక కోర్సులు మొదలుపెట్టింది. ఆవిడంతటి వాళ్ళం అవుతామని కాదు, మనలాంటి వాళ్ళున్నారని ఆనాడే ఒకావిడ గుర్తించిందని చెబుతున్నాను.

ఇంకొక మాట. మనలో ఎవరు ఏదైనా చేద్దామన్నా అందరూ ఇచ్చే సలహా ఒకటే, పచ్చళ్ళు పెట్టి అమ్ముకోమని. ఇష్టముంటే తప్పకుండా చెయ్యండి. మా గరికపాడులోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, మీ వైపూ ఉంటుంది, శిక్షణల గురించి అడగండి. చిన్న ఆహార పరిశ్రమలకని 2020లో వచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో బ్యాంకు అప్పుతో పెట్టే యూనిట్ ఖర్చులో 35 శాతం, పది లక్షలకు మించకుండా సబ్సిడీ పెట్టారు. కానీ సీసా ధర వేసేటప్పుడు కాయలు, కారం, నూనె, సీసా ఖరీదు కలిపి ఊరుకోకండి. కాయలు తుడిచి, ముక్కలు కొట్టి, కలిపిన మీ గంటలు కూడా అందులో వెయ్యండి. అవి వెయ్యకపోతే అది వ్యాపారం కాదు, చుట్టాలకు పంపే జాడీయే.

ఎవరైనా "ఎంత?" అని అడిగితే "మీ ఇష్టం" అనకండి. ముందే ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి. అద్దం ముందు రెండుసార్లు పైకి అని చూసుకోండి. నేనూ అలాగే చేశాను. గొంతు వణికితే వణకనివ్వండి, అంకె మాత్రం మార్చకండి.