ప్యాకేజీ మార్చే ముందు గోడమీది సాకెట్ చూడండి

ఆదివారం ఉదయం తెనాలికి వీడియో కాల్ చేస్తే అమ్మ ముఖం సగంలో ఆగిపోయేది. "లండన్లో కూడా కరెంటు పోతుందేంట్రా?" అని ఒకసారి అడిగింది. మేముండేది లెస్టర్లో అని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకు అంతా లండనే. కంపెనీకి ఫోన్ చేస్తే పెద్ద ప్యాకేజీకి మారమన్నారు. మారాం. బిల్లు పెరిగింది, స్పీడ్ పెరగలేదు.

తప్పు ఇంట్లోనే ఉందని తర్వాత తెలిసింది. యూకేలో చాలా ఇళ్లకు ఫైబర్ వీధిలోని క్యాబినెట్ దాకానే వస్తుంది. అక్కడి నుంచి లోపలికి పాత రాగి తీగే. ఫోన్‌కైనా, ఇంటర్నెట్‌కైనా రెండు తీగలు చాలు. కానీ పాతకాలం ఫోన్లలో గంట మోగడానికి మాస్టర్ సాకెట్ నుంచి పడకగదుల సాకెట్ల దాకా మూడో తీగ ఒకటి లాగేవారు. ఇప్పటి ఫోన్లకు దాంతో పని లేదు. అది యాంటెన్నాలా చుట్టుపక్కల విద్యుత్ రొదను పట్టి లైన్లోకి తెస్తుంది.

పరీక్ష తేలికే. మాస్టర్ సాకెట్ కింది సగం రెండు స్క్రూలతో ఊడి వస్తే, లోపల టెస్ట్ సాకెట్ ఉంటుంది. రౌటర్ను ఫిల్టర్‌తో సహా దానికి తగిలించి స్పీడ్ చూడండి. పెరిగితే దోషం ఇంటి వైరింగ్‌దే. అప్పుడు ఊడిన ముక్క వెనక 3వ నంబరు దగ్గరి తీగను తీసేస్తే చాలావరకు సరిపోతుంది. మా ఇంట్లో అది తీశాక అమ్మ ముఖం ఆగలేదు. సాకెట్ వెనక భాగం, బయటి నుంచి వచ్చే తీగ మాత్రం ముట్టుకోకండి, అవి మనవి కావు. అద్దె ఇల్లయితే ఓనరుకు ఒక మాట చెప్పండి. రౌటర్ను మాటిమాటికీ ఆపి వేయొద్దు. లైన్ నిలకడగా లేదనుకుని అవతలి పరికరాలు స్పీడ్ ఇంకా తగ్గిస్తాయి.

నాకు కోపం ఆ తీగ మీద కాదు. "ఇంట్లో ఎక్స్‌టెన్షన్ సాకెట్లు ఉన్నాయా?" అన్న ఒక్క ప్రశ్న అడగకుండా ప్యాకేజీ అమ్మడం మీద. మనవాళ్లూ తక్కువ తినలేదు. స్క్రూడ్రైవర్ పట్టడానికి జంకి, నెలనెలా పౌండ్లు కట్టేస్తాం. ఫైబర్ నేరుగా ఇంట్లోకి వచ్చినవారికి ఈ బాధ లేదు. పాత ల్యాండ్‌లైన్ సేవను 2027 జనవరి చివరికి ఆపేస్తున్నారు. ఫోన్ రౌటర్‌కే తగిలించాక ఆ మూడో తీగకు ఇంట్లో ఏ పనీ ఉండదు. అయినా ఎవరో ఒకరు తీసేదాకా గోడలో అలాగే ఉంటుంది.