మందిరమునకు శిలాఫలకము, సంఘమునకు పుస్తకము

ఆంగ్లమున ప్రార్థనాలయమునకును, అందు కూడు జనులకును చర్చి యను నొక్కటే మాట. మన క్రైస్తవులు మొదటిదానిని మందిరమనియు, రెండవదానిని సంఘమనియు వేఱుచేసి పిలుతురు. మాటలో నున్న యీ వివేకము చరిత్రరచనలో కొఱవడినది. ప్రాతమందిరముల కథ నడిగినచో తఱచుగా కట్టించిన దొరపేరును, పునాదిరాతి తేదియు మాత్రమే వినవచ్చును. అది మందిరచరిత్రయే కాని సంఘచరిత్ర కాదని మేము నొక్కి చెప్పుచున్నాము.

లండను మిషనరీ సంఘమువారు 1805లో విశాఖపట్టణము చేరిరి. వారిని పోషించినవారిలో నధికులు కాంగ్రిగేషనలు శాఖవారు. బిషప్పు కాదు, ప్రభుత్వము కాదు, సభ్యులందఱు కూడిన సభయే సంఘమునకు అధికారి యనుట ఆ శాఖకు మూలసూత్రము. తొలివారిలో క్రాను 1809లో శ్రీకాకుళమున మరణించెను. డెగ్రాంజి 1810లో గతించెను. సువార్తల తెలుగుసేతలో వారికి తోడ్పడినవాడు బ్రాహ్మణకులమునుండి క్రైస్తవుడైన ఆనందరాయరు. మూడు సువార్తలు 1812లో వంగదేశపు శ్రీరాంపురమున అచ్చుపడినవి. దొరల పేర్లు తెలిసినవారిలో ఆనందరాయరి పేరు తెలిసినవారెందఱు?

తరువాత శ్రీకాకుళము, టెక్కలి ప్రాంతములలో కెనడా బాప్టిస్టులు పని సాగించిరి. శాఖ వేఱైనను సభయే అధికారి యను సూత్రము వారిదియు నదియే. ఆ సూత్రము నిజమైనచో, సంఘచరిత్ర సభాతీర్మానముల పుస్తకమందును, సభ్యుల పట్టికయందును ఉండవలెను. ఇటుకలు మోసిన స్త్రీ యెవరు? ఆమెకు సభలో చేయెత్తు హక్కుండెనా? ఇది ఏ ఫలకము చెప్పును?

"ప్రాతకాగితములు కూడు పెట్టునా?" యని యడుగువారు కలరు. పెట్టవు. కాని సభను పిలువకయే నలుగురు పెద్దలు మందిరస్థలమును గూర్చి నిర్ణయము చేసిననాడు, సామాన్యసభ్యుని పక్షమున సాక్ష్యము పలుకునది ఆ కాగితమే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసకడ తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను కూల్చినది. చెట్టును మరల నాటవచ్చును. పైకప్పును మరల వేయవచ్చును. తడిసి చెదలుపట్టిన పుస్తకమును మరల వ్రాయగలవా రెవరు?

కావున ప్రతిసంఘమును తన పుస్తకములకు నకళ్లు తీయించి రెండూళ్లలో దాచవలెను. వృద్ధుల, ముఖ్యముగా వృద్ధస్త్రీల, నోటిమాటను వ్రాయించి చేర్చవలెను. క్రొత్తగోడకు సున్నము వేయుటకు చందాలు పోగుచేయువారు ఈ పనికి డబ్బులేదనుట చెల్లదు.